మైనర్ లీగ్ ఆటగాళ్ళను అంచనా వేయడం ఎలా? ఒక బేస్‌బాల్ జట్టు యువబలగాన్ని కొలవడానికి సమగ్ర మార్గదర్శి

డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి బేస్‌బాల్‌తో తొలి పరిచయం ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ (టెక్సాస్ రేంజర్స్‌కు ఆటగాళ్ళను తయారుచేసే కింది స్థాయి, అంటే మైనర్ లీగ్ జట్టు) మైదానంలోనే జరుగుతుంది. ఆట చూసి వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఈ కుర్రాళ్ళలో టెక్సాస్ రేంజర్స్‌కు ఆడేది ఎవరు? ఆ సంగతి మనం ఎలా చెప్పగలం?’ దానికి క్రమపద్ధతిలో జవాబు వెతకడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలకు రేంజర్స్ సంస్థనే తీసుకున్నాను గాని, అత్యున్నత స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లోని 30 జట్లలో దేనికైనా పద్ధతి ఇదే.

ఒక షరతు ముందే చెప్పాలి. ప్రసిద్ధ సంస్థలు ప్రకటించే ‘అగ్రశ్రేణి 100’ జాబితాలను మొదట తెరవకండి. ఇతరులు ఇచ్చిన ర్యాంకు ఒకసారి మనసులో పడితే, ఆ తర్వాత మనం చూసే ప్రతి ఆటా దాన్ని సమర్థిస్తున్నట్టే కనిపిస్తుంది. వాటిని చివర్లో, మన జాబితా పూర్తయ్యాక, పోల్చుకోవడానికి మాత్రమే చూడాలి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మొదట సంస్థ మెట్లు తెలియాలి. 2021 పునర్వ్యవస్థీకరణ తర్వాత ప్రతి మేజర్ లీగ్ జట్టుకూ పూర్తి సీజన్ ఆడే అనుబంధ జట్లు నాలుగు ఉన్నాయి. పైనుంచి కిందికి అవి ట్రిపుల్-ఎ, డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ. రేంజర్స్‌కు 2025 నాటికి ఈ వరుసలో రౌండ్ రాక్, ఫ్రిస్కో, హబ్ సిటీ, హికరీ ఉన్నాయి. వీటికి దిగువన అరిజోనాలోని సర్‌ప్రైజ్ పట్టణంలో శిక్షణ ప్రాంగణపు జట్టు, డొమినికన్ సమ్మర్ లీగ్ జట్టు ఉంటాయి. అమెరికాలో ఒక సంస్థ తన పట్టికలో ఉంచుకోగల మైనర్ లీగ్ ఆటగాళ్ళ పరిమితి 165. ఇందరినీ ఒకేసారి చూడాలనుకుంటే పని సాగదు. మొదటి విడతలో 30 నుంచి 40 మందిని ఎంచుకుంటే చాలు.

తర్వాత ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోవాలి. మేజర్ లీగ్‌లో 130 అధికారిక ఎట్-బ్యాట్లు (ఉచితంగా బేస్ దక్కినవి వంటివి కలపని బ్యాటింగ్ అవకాశాలు) గాని, పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, 50 ఇన్నింగ్స్ (ముగ్గురిని అవుట్ చేస్తే ఒక ఇన్నింగ్స్) గాని, చురుకైన జట్టులో 45 రోజులు గాని దాటినవాడు ‘రూకీ’ (కొత్త ఆటగాడు) అర్హత కోల్పోతాడు. ఆ గీత దాటినవారిని పక్కన పెట్టండి.

పట్టికలో ఉండవలసిన గడులు:

- పేరు, పుట్టిన తేదీ, జూలై 1 నాటికి వయసు
- స్థానం, ఏ చేత్తో బ్యాట్ పడతాడు, ఏ చేత్తో విసురుతాడు
- ఎలా వచ్చాడు: డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ప్రక్రియ) సంవత్సరం, ఎంపిక సంఖ్య, లేదా విదేశీ ఒప్పందపు సంవత్సరం
- ప్రస్తుత స్థాయి, ఆ స్థాయికి ఎన్నోసారి
- ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లు) లేదా ఇన్నింగ్స్
- స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లు, అంటే కొట్టలేకపోయిన మంచి బంతులు, పడి అవుటవడం) శాతం, వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్ దక్కడం) శాతం
- గాయాలు, శస్త్రచికిత్సలు
- రూల్ ఫైవ్ గడువు (ఏడో అంగంలో చూడండి)

మైదానానికి వెళ్ళే ఆలోచన ఉంటే ఒక స్టాప్‌వాచ్, చిన్న నోటుపుస్తకం తప్పనిసరి.

2. వయసునూ స్థాయినీ ముందు చూడండి

క్రికెట్‌కు అలవాటుపడిన కన్ను నేరుగా సగటు మీదికే పోతుంది. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. ఎంత కొట్టాడన్నది రెండో ప్రశ్న. ఏ వయసులో, ఎలాంటి పిచింగ్ (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది) మీద కొట్టాడన్నది మొదటి ప్రశ్న.

స్థూలంగా చెప్పాలంటే సింగిల్-ఎ ఆటగాళ్ళు 21 ఏళ్ళ చుట్టూ, డబుల్-ఎ ఆటగాళ్ళు 24 ఏళ్ళ చుట్టూ ఉంటారు; ట్రిపుల్-ఎలో సగటు వయసు 26 దాటుతుంది, ఎందుకంటే అక్కడ మేజర్ లీగ్‌కు వెళ్ళి తిరిగివచ్చినవారు కూడా ఆడుతారు. 2006 మార్చిలో పుట్టిన బహామాస్ కుర్రాడు సెబాస్టియన్ వాల్కాట్ 2025 సీజన్‌ను 19 ఏళ్ళ వయసులో ఫ్రిస్కోలో, అంటే డబుల్-ఎలో ఆడాడు. తనకన్నా నాలుగైదేళ్ళు పెద్దవారి మధ్య ఆ వయసువాడు సగటు ఆట ఆడినా, అదే మైదానంలో 25 ఏళ్ళవాడు చెలరేగి ఆడిన సీజన్ కన్నా దానికే ఎక్కువ విలువ కట్టాలి.

పాటించవలసిన కొలమానం ఇది: స్థాయి సగటు వయసుకన్నా రెండేళ్ళు చిన్నవాడైతే ఒక మెట్టు పైకి, రెండేళ్ళు పెద్దవాడైతే ఒక మెట్టు కిందికి వేసి చూడండి. అదే స్థాయిని రెండోసారి ఆడుతున్నవాడి అంకెలను ఇంకాస్త తగ్గించాలి. అయితే గాయం వల్ల మొదటి ఏడాది ఆట పోగొట్టుకున్నవాడిని ఆ లెక్కలో వేయకూడదు.

3. బ్యాటర్ల అంకెలు చదివే క్రమం

ముందు స్ట్రైకౌట్ శాతం, తర్వాత వాక్ శాతం, ఆపై బలం, చివర్లో సగటు (ఎట్-బ్యాట్లలో ఎన్నో వంతు హిట్లు కొట్టాడన్నది). ఈ వరుసకు కారణం ఉంది. స్ట్రైకౌట్ శాతం తక్కువ ఆటల్లోనే నిలకడకు వస్తుంది. బ్యాటింగ్ సగటుకు మొత్తం సీజన్ కూడా చాలదు, ఎందుకంటే మైదానంలో పడిన బంతి ఫీల్డర్ చేతికి చిక్కడం, చిక్కకపోవడం చాలావరకు అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

లెక్క సులువు. ఒకడు 400 ప్లేట్ అప్పియరెన్సుల్లో 100 సార్లు స్ట్రైకౌట్ అయితే 25 శాతం. డబుల్-ఎలో 30 శాతం దాటితే, ఎంత బలమున్నా, ప్రమాద సూచిక కిందే రాసుకోండి. బలానికి స్లగింగ్ శాతం (ఒక్కో ఎట్-బ్యాట్‌కు సంపాదించిన బేస్‌ల సగటు) నుంచి సగటును తీసివేస్తే మిగిలే అంకె చూడాలి. ట్రిపుల్-ఎలోనూ సింగిల్-ఎకు చెందిన ఫ్లోరిడా స్టేట్ లీగ్‌లోనూ బంతి బ్యాట్‌ను వదిలే వేగం కూడా బహిరంగంగా దొరుకుతుంది. గంటకు 95 మైళ్ళు దాటిన దెబ్బలు ఎన్నో లెక్కించండి. గరిష్ఠ వేగం ఒక్కదాన్నే చూసి మురిసిపోకండి.

వాక్ శాతం విషయంలో ఒక మెలిక ఉంది. కింది స్థాయిల్లో పిచర్లకే బంతి మీద అదుపు తక్కువ. బ్యాట్ కదపకుండా నిలబడినా వాక్‌లు వస్తాయి. కాబట్టి సింగిల్-ఎలో 15 శాతం వాక్‌లు చూసి ‘గొప్ప కన్ను’ అని రాయకుండా, డబుల్-ఎకు వెళ్ళాక ఆ శాతం ఎంతకు దిగిందో చూసి రాయండి.

ఇక మైదానం, లీగ్ ప్రభావం. రౌండ్ రాక్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో అల్బుకర్కీ మైదానం సముద్రమట్టానికి 5,000 అడుగులకు పైన ఉంది. గాలి పలచబడి బంతి దూరం పోతుంది, వంపు తిరిగే పిచ్‌లు (పిచర్ విసిరే బంతులు) సరిగా తిరగవు. రెనో, సాల్ట్ లేక్ కూడా ఎత్తైన చోట్లే. దీనికి భిన్నంగా ఫ్లోరిడా స్టేట్ లీగ్ పిచర్లకు అనుకూలమని పేరు. అందువల్ల ముడి అంకెలు కాక, లీగ్ సగటును 100గా తీసుకుని సరిచేసిన కొలమానాలను వాడండి. ఇంటి మైదానం, బయటి మైదానం అంకెలను విడివిడిగా ఒకసారి చూడటం కూడా మంచిది.

నిబంధనల ప్రయోగాలనూ మరవకూడదు. 2023లో డబుల్-ఎకు చెందిన సదరన్ లీగ్ సీజన్ తొలి భాగంలో ముందే జిగురు పట్టించిన బంతులు వాడారు. స్ట్రైకౌట్లు పెరిగాయి, తర్వాత మామూలు బంతికి తిరిగి వచ్చారు. ఆ ఏడాది ఆ లీగ్ పిచర్ల అంకెలను రెండు భాగాలుగా విడదీయకుండా చదివితే పొరపాటు పడతాం. అదే ఏడాది నుంచి ట్రిపుల్-ఎ మైదానాలన్నిటిలో స్ట్రైక్‌లను యంత్రంతో నిర్ణయించే పద్ధతి ఏదో ఒక రూపంలో ఉంది. అక్కడి వాక్ శాతాలను కింది స్థాయితో నేరుగా పోల్చకూడదు.

4. పిచర్లను చదవడం

పిచర్‌కు ముఖ్యమైన అంకె ఒకటే: స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ శాతాన్ని తీసివేయగా మిగిలేది. ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు) వెనక ఫీల్డర్లుంటారు, మైదానం ఉంటుంది, తర్వాత వచ్చిన పిచర్ కూడా ఉంటాడు.

జాక్ లైటర్ ఉదంతం దీనికి మంచి పాఠం. 2021 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా వచ్చిన అతణ్ణి రేంజర్స్ 2022లో నేరుగా ఫ్రిస్కోకు పంపారు. ఆ ఏడాది 92⅔ ఇన్నింగ్స్‌లో 109 స్ట్రైకౌట్లు, 56 వాక్‌లు, 5.54 ఈఆర్‌ఏ. ఈఆర్‌ఏ మాత్రమే చూసినవారు అతణ్ణి కొట్టిపారేశారు. డ్రాఫ్ట్ ఎంపికను మాత్రమే చూసినవారు ఏమీ కాలేదన్నారు. పట్టిక చెప్పేది వేరు. పిచ్‌లు డబుల్-ఎ బ్యాటర్లకు అందడం లేదు, కాని తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఐదుకు పైగా వాక్‌లిచ్చే పిచర్ మేజర్ లీగ్‌లో నిలవలేడు. అంటే అతని విషయంలో గమనించవలసిన అంశం అదుపు ఒక్కటే. 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 2025లో ప్రారంభ పిచర్ల వరుసలో కుదురుకున్నాడు.

తర్వాతి ప్రశ్న, ఇతను ఆట ప్రారంభించే పిచర్ అవుతాడా, మధ్యలో వచ్చే రిలీవర్ అవుతాడా? విలువలో తేడా చాలా పెద్దది. దీన్ని తేల్చడానికి:

- నమ్మదగిన పిచ్‌లు కనీసం మూడున్నాయా? ఫాస్ట్‌బాల్, స్లైడర్ (పక్కకు జారే బంతి) మాత్రమే ఉంటే రిలీవర్ అని రాయండి.
- ఎదుటి చేతివాటం బ్యాటర్ల మీద పనిచేసే చేంజప్ (వేగం తగ్గించి మోసగించే బంతి) లాంటి పిచ్ ఉందా?
- బ్యాటింగ్ వరుస మూడోసారి వచ్చినప్పుడు ఏమవుతోంది?
- ఐదో ఇన్నింగ్స్‌లో ఫాస్ట్‌బాల్ వేగం మొదటి ఇన్నింగ్స్‌తో పోలిస్తే ఎంత తగ్గింది?
- ఒక సీజన్‌లో ఇప్పటివరకు విసిరిన గరిష్ఠ ఇన్నింగ్స్ ఎన్ని?

గాయాల గురించి కాస్త ఆగి చెప్పాలి. తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల మీద అనుమానంతో ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. 2023లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024లో కోలుకుని ఫ్రిస్కో, రౌండ్ రాక్ మీదుగా సెప్టెంబర్‌కల్లా మేజర్ లీగ్ చేరాడు. జట్ల దగ్గరున్న వైద్య నివేదికలు మనకు అందవు. అందుకే ఒకే స్థాయి ప్రతిభ ఉన్న పిచర్, బ్యాటర్ ఎదురైతే నేను ఎప్పుడూ బ్యాటర్‌నే ముందు పెడతాను.

5. మైదానంలో ఏం చూడాలి

వీలైతే ఆటకు గంటన్నర ముందు చేరుకోండి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కూర్చుంటే పిచ్ కదలిక తెలుస్తుంది. మొదటి బేస్ వైపు కూర్చుంటే కుడిచేతి బ్యాటర్ చేతుల కదలిక తెలుస్తుంది. ఫ్రిస్కో మైదానంలో కుడివైపు కంచె అవతల నీళ్ళలో తేలుతూ ఆట చూసే కాలువ ఉంది. పిల్లలకు అది స్వర్గం, అంచనాకు మాత్రం అక్కడినుంచి ఏమీ పనికిరాదు.

స్టాప్‌వాచ్‌తో తీసుకోవలసిన కొలతలు:

- బ్యాట్ తాకినప్పటి నుంచి మొదటి బేస్ వరకు: కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లు, ఎడమచేతి బ్యాటర్‌కు 4.2 సగటు. 4.1 కన్నా తక్కువ పట్టిన కుడిచేతివాడు నిజంగా వేగగాడు.
- క్యాచర్ (వికెట్‌కీపర్ లాంటివాడు) గ్లవ్‌లో బంతి పడినప్పటి నుంచి రెండో బేస్‌లో అందే వరకు: 2.0 సెకన్లు సగటు, 1.9 మంచిది.
- పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి ప్లేట్ చేరే వరకు: బేస్‌ల మీద ఆటగాడున్నప్పుడు 1.3 సెకన్లు ఆమోదయోగ్యం.

ఒక్కొక్క కొలత కనీసం మూడుసార్లు తీసుకోండి. నేలబారు బంతికి అవుటవుతానని తెలిసి నెమ్మదించిన పరుగును లెక్కించవద్దు.

బ్యాటర్‌ను చూసేటప్పుడు బంతి ఎటు పోయిందన్నది కాసేపు మరచి, రెండు స్ట్రైక్‌లు పడ్డాక ఏం చేశాడో రాసుకోండి. ఉదాహరణకు ఎడమచేతి బ్యాటర్‌కు ఎడమచేతి పిచర్ వేసిన స్లైడర్ స్ట్రైక్‌లా బయల్దేరి బయటికి జారిపోతుంది. ముందు కాలు నేల మీద ఆని, నడుము తిరగడం మొదలై, చేతులు మాత్రం ఆగిపోయాయంటే అతను పిచ్‌ను గుర్తుపట్టాడు. చేతులూ కాలూ ఒకేసారి విడిచిపెట్టి వంగి తడిమాడంటే గుర్తుపట్టలేదు. మొదటివాడు ఆ సాయంత్రం మూడుసార్లు అవుటైనా ఫరవాలేదు. రెండోవాడు హోమ్‌రన్ కొట్టినా నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టండి.

ఆటకు ముందు సాధనలో కొట్టే దెబ్బలు ముడి బలాన్ని చూపిస్తాయి, ఆటలో బలాన్ని కాదు. రెండిటికీ వేర్వేరు గడులు ఉంచుకోండి.

6. 20 నుంచి 80 వరకు మార్కులు వేయడం

స్కౌట్లు (ప్రతిభను వెతికి అంచనా వేసేవారు) అందరూ వాడే కొలబద్ద ఇది. 50 అంటే మేజర్ లీగ్ సగటు. ప్రతి 10 మార్కులకూ ఒక ప్రామాణిక విచలనం. కాబట్టి 60 అంటే స్పష్టంగా మెరుగు, 70 అరుదు, 80 తరానికి కొద్దిమంది. బ్యాటర్‌కు కొట్టే నేర్పు, బలం, పరుగు, ఫీల్డింగ్, చేయి అనే అయిదు గుణాలకు, పిచర్‌కు ఒక్కో పిచ్‌కు, అదుపుకు మార్కులు వేయాలి.

ప్రతి గుణానికీ రెండు మార్కులు వేయండి: ఈరోజు ఎంత, పరిపక్వత వచ్చాక ఎంత. 19 ఏళ్ళ వాడికి ‘కొట్టే నేర్పు 30/50’ అని రాయడం అవమానం కాదు. అయిదింటిలో దీన్ని అంచనా వేయడమే అన్నిటికన్నా కష్టం, మిగతా నాలుగూ దీని మీదే నిలబడతాయి కూడా. పరుగును గడియారంతో కొలవవచ్చు, చేతి బలాన్ని కంటితో చూడవచ్చు. మంచి పిచింగ్ మీద కొట్టగలడా లేదా అన్నది చాలాసార్లు డబుల్-ఎ వచ్చేదాకా తెలియదు.

చివరికి మొత్తానికి ఒకే మార్కు ఇవ్వాలి. 60 అంటే ఆల్‌స్టార్ (లీగ్‌లోని అత్యుత్తమ ఆటగాళ్ళ) స్థాయి, 50 అంటే రోజూ ఆడే సగటు ఆటగాడు, 45 అంటే కొంతమంది పిచర్ల మీద మాత్రమే ఆడించదగినవాడు, 40 అంటే బెంచ్ ఆటగాడు లేదా సాధారణ రిలీవర్. పక్కన ప్రమాదస్థాయిని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాయండి. స్థానాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. షార్ట్‌స్టాప్‌లో (రెండు, మూడు బేస్‌ల మధ్య కీలకమైన ఫీల్డింగ్ స్థానంలో) నిలవగలవాడికి సగటు బ్యాట్ చాలు. మొదటి బేస్‌కు పరిమితమైనవాడు చాలా గట్టిగా కొడితే తప్ప 50 రాదు.

7. వ్యక్తుల నుంచి సంస్థ అంచనాకు

ఇప్పుడు 45, అంతకు పైన వచ్చినవారిని ఒక పట్టికగా పేర్చి, ఎప్పటికి సిద్ధమవుతారో సంవత్సరం వేయండి. సగటు తీయవద్దు. ఒక 60 ఉన్న సంస్థ, మూడు 45లు ఉన్న సంస్థకన్నా మేలు. బెంచ్ ఆటగాళ్ళు మార్కెట్లో చౌకగా దొరుకుతారు, ఆల్‌స్టార్ దొరకడు.

గడువులు చూడటం ఈ దశలో ముఖ్యం. 18 ఏళ్ళు లేదా అంతకన్నా తక్కువ వయసులో ఒప్పందం చేసుకున్నవాణ్ణి అయిదు సీజన్ల లోపు, 19 లేదా పై వయసువాణ్ణి నాలుగు సీజన్ల లోపు మేజర్ లీగ్ కోసం కేటాయించే 40 మంది జట్టులో చేర్చాలి. లేకపోతే డిసెంబర్‌లో జరిగే రూల్ ఫైవ్ డ్రాఫ్ట్‌లో వేరే జట్టు 1,00,000 డాలర్లకు ఎత్తుకుపోవచ్చు. ఆ జట్టు అతణ్ణి మరుసటి సీజనంతా మేజర్ లీగ్‌లో ఆడే 26 మంది జట్టులో ఉంచుకోవాలి; లేదంటే పాత జట్టుకు సగం ధరకు తిరిగి ఇవ్వజూపాలి. 2023లో ఒప్పందమైన వాల్కాట్‌కు ఈ గడువు 2027 సీజన్ తర్వాత వస్తుంది. ఒకే శీతాకాలంలో ఏడెనిమిది మందికి గడువు ముంచుకొస్తున్న సంస్థ, కొందరిని జూలైలోనే ఇతర జట్లకు ఇచ్చేస్తుందని అర్థం చేసుకోవాలి.

ఇలా వెళ్ళిపోయేవారి విలువ కూడా సంస్థ విలువే. పిచర్ కోల్ రేగన్స్‌ను రేంజర్స్ 2016లో మొదటి రౌండ్‌లో తీసుకున్నారు; రెండుసార్లు టామీ జాన్ శస్త్రచికిత్స అయ్యాక 2023లో రిలీవర్ అరోల్డిస్ చాప్‌మన్ కోసం కాన్సస్ సిటీకి ఇచ్చారు. రేగన్స్ 2024లో ఆల్‌స్టార్ అయ్యాడు. రేంజర్స్ 2023 ప్రపంచ సిరీస్ (మేజర్ లీగ్ విజేతను తేల్చే ఫైనల్) గెలిచారు. ఈ బేరంలో ఎవరు నష్టపోయారన్న వాదన ఇంకా తెగలేదు, తెగవలసిన అవసరమూ లేదు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*కొద్ది ఆటలతో తీర్పు.* అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసే లెక్క ఇక్కడ చెల్లదు. రేంజర్స్ బ్యాటర్ ఎవన్ కార్టర్ 2023 సెప్టెంబర్‌లో వచ్చి 23 ఆటల్లో 0.306 సగటుతో కొట్టి, ప్రపంచ సిరీస్ దాకా మెరిశాడు. 2024లో వెన్ను నొప్పి వేధించగా 45 ఆటల్లో 0.188. రెండూ చిన్న నమూనాలే. దిద్దుబాటు: 200 ప్లేట్ అప్పియరెన్సుల లోపు మార్కును 5 కన్నా ఎక్కువ మార్చకండి.

*డ్రాఫ్ట్ ఎంపికను చూసి మొగ్గడం.* అదే కార్టర్ 2020లో 50వ ఎంపిక; అప్పటి బహిరంగ జాబితాల్లో అతని పేరు దొరకడం కష్టం. దిద్దుబాటు: మార్కులు వేసేటప్పుడు ఎంపిక సంఖ్య ఉన్న గడిని దాచిపెట్టండి. స్ప్రెడ్‌షీట్‌లో అది ఒక్క నొక్కు పని.

*చేతివాటం విడదీయకపోవడం.* మొత్తం అంకెలు బాగున్న ఎడమచేతి బ్యాటర్ ఎడమచేతి పిచర్ల ముందు తేలిపోతుండవచ్చు. దిద్దుబాటు: రెండు వరుసలు వేరుగా రాయండి.

*ట్రిపుల్-ఎ అంకెలను నేరుగా నమ్మడం.* ట్రిపుల్-ఎకూ మేజర్ లీగ్‌కూ మధ్య అంతరం, కింది స్థాయిల మధ్య ఉండే అంతరాలన్నిటికన్నా పెద్దది. బాల్టిమోర్ ఆటగాడు జాక్సన్ హాలిడే 2023లో ఒకే సీజన్‌లో నాలుగు స్థాయిలు దాటి 0.323 సగటు సాధించాడు. 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌లో మొదటి పది ఆటల్లో 34 ఎట్-బ్యాట్లకు రెండు హిట్లు, 18 స్ట్రైకౌట్లు రాగా వెనక్కి పంపారు. దిద్దుబాటు: తొలి పతనాన్ని అంచనాలో ముందే కలుపుకోండి, అది వచ్చినప్పుడు మార్కు తగ్గించకండి.

*సొంత జట్టు మమకారం.* దీనికి పూర్తి మందు లేదు. అదే విభాగంలోని ప్రత్యర్థి జట్టు ఆటగాళ్ళు ఐదుగురికి కూడా మార్కులు వేసి చూస్తే, మన చేయి ఎంత ధారాళంగా ఉందో తెలిసిపోతుంది.

9. జాబితాను ఎప్పుడు తిరగరాయాలి

ఏడాదికి మూడుసార్లు చాలు: జూలై నెలాఖరు లేదా ఆగస్టు మొదట్లో వచ్చే ఆటగాళ్ళ మార్పిడి గడువు దాటాక, సీజన్ ముగిశాక, నవంబర్‌లో 40 మంది జట్టును ఖరారు చేశాక. ప్రతిసారీ పాత మార్కును చెరపకుండా కొత్త గడిలో తేదీతో రాయండి. మార్కు మారితే కారణం ఒక్క వాక్యంలో ఉండాలి: ‘ఫాస్ట్‌బాల్ వేగం రెండు మైళ్ళు పెరిగింది’, ‘రెండో బేస్‌కు మార్చారు’ వంటివి. కారణం రాయడానికి ఏమీ తోచకపోతే పాత మార్కునే ఉంచండి. ఇది పూర్తయ్యాక ‘అగ్రశ్రేణి 100’ జాబితాలు తెరిచి, మీ మార్కుతో పది కన్నా ఎక్కువ తేడా ఉన్న పేర్లను గుర్తు పెట్టుకుని, తర్వాతి సీజన్‌లో ముందుగా ఆ ఆటగాళ్ళ ఆటలకే టికెట్లు కొనండి.